కొత్త కొలువుకు పాత జీతం కొలబద్దా?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు ముంబయి హైవే మీద వెళ్తుంటే ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది వరసగా వస్తాయి. ఇస్నాపూర్ దగ్గర పక్కకు తిరిగితే పాశమైలారం. మరోవైపు బొల్లారం, జిన్నారం దారుల్లో మందుల ఫ్యాక్టరీలు. వీటిలో ఏ గేటు దగ్గరికి వెళ్ళి ఉద్యోగం అడిగినా ముందుగా ఒక ఫారం చేతికిస్తారు. పేరు, తండ్రి పేరు, చదువు, అనుభవం... ఇవన్నీ గబగబా నింపేసే మన పిల్లల పెన్ను ఒక గడి దగ్గరికి రాగానే ఆగిపోతుంది. 'చివరగా తీసుకున్న జీతం ఎంత?' అని ఉంటుంది అక్కడ.

సంగారెడ్డిలో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి ఆటో నడుపుతారు. పెద్దమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఇంటికి దగ్గరగా ఉందని ఒక ప్రైవేటు స్కూల్లో రెండేళ్ళు పాఠాలు చెప్పింది. నెలకు 9 వేలు ఇచ్చేవారు. ఆ తర్వాత ఒక మందుల కంపెనీ నుంచి ల్యాబులో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఈ గడి మీదే చర్చ. తమ్ముడు, "18 వేలని రాసెయ్ ఆపా, ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. "అబద్ధం చెప్పి తెచ్చుకున్న రోజీలో బర్కత్ ఉండదు బేటీ. ఉన్నదే రాయి" అన్నారు.

ఉన్నదే రాసింది. పరీక్ష బాగా రాసింది, అడిగినవాటికి జవాబులు చెప్పింది. చివరికి 11,500 ఇస్తామన్నారు. "ఇప్పుడొచ్చేదానికంటే ఎక్కువే కదమ్మా" అన్నారట. సంతోషంగానే చేరింది. రెండు నెలల తర్వాత తెలిసిందేమిటంటే, అదే రోజున అదే ల్యాబులో చేరిన కుర్రాడికి 17 వేలు ఇస్తున్నారు. చదువు ఒకటే, పనీ ఒకటే. అతను అంతకుముందు ఎక్కడా పని చేయలేదు. కాబట్టి ఆ గడిలో ఒక గీత గీసి వదిలేశాడు. రాయడానికి పాత జీతం లేని వాడికి ఆ పోస్టుకున్న జీతం దక్కింది. రెండేళ్ళు కష్టపడి పని చేసిన అమ్మాయికి స్కూలు జీతం మీద కొసరు మాత్రం దక్కింది.

ఆ తండ్రి మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. కంపెనీని తిట్టలేదు. ఒకటే అడిగారు. "నిజం చెప్పమన్నాను. నా బిడ్డకు అన్యాయం చేశానా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు గనుక ఇక్కడ రాస్తున్నాం.

చెప్పకపోవడం అబద్ధమా?

ఆ ఇంట్లో ఆ రాత్రి రెండే దారులు కనిపించాయి. ఉన్నది రాయడం, లేనిది రాయడం. మూడో దారి ఒకటి ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అసలు ఆ అంకె చెప్పవలసిన అవసరం ఉందా అన్నది ఎవరూ అడగలేదు.

మన ఫిఖ్‌హ్ గ్రంథాలలో క్రయవిక్రయాల గురించి ఒక చక్కని విభజన ఉంది. వ్యాపారం చేసుకునే కుటుంబాలకు ఇది తెలిసే ఉంటుంది. సరుకు తనకు ఎంత పడిందో చెప్పకుండా, ఇంతకు ఇస్తానని బేరమాడి అమ్మడాన్ని ముసావమా అంటారు. బజారులో రోజూ జరిగేది ఇదే. ఇందులో కొన్న ధర దాచాడని అమ్మేవాడిని ఎవరూ తప్పుపట్టరు. రెండోది మురాబహా. ఇందులో అమ్మేవాడు కొన్న ధర చెప్పి, దాని మీద ఇంత లాభం వేసుకుంటానని చెప్పి అమ్ముతాడు. కొనేవాడు అతని మాటను నమ్మి కొంటాడు. అందుకే దీన్ని అమానత్ మీద నడిచే బేరాల్లో చేర్చారు. ఇక్కడ కొన్న ధరలో అబద్ధం చెబితే అది ఖియానత్. సంగతి బయటపడితే సరుకు తిప్పి ఇచ్చేసే హక్కు కొన్నవాడికి ఉంటుందని హనఫీ పండితులు చెప్పారు.

ఉద్యోగం సరుకు కాదు, మేము ముఫ్తీలమూ కాదు. అయినా ఈ రెండు బేరాలనూ పక్కన పెట్టుకుని చూస్తే ఫారంలోని ఆ గడి ఏమిటో అర్థమవుతుంది. పాత జీతం చెప్పి దాని మీద ఇంత పెంచమని అడగడం మురాబహా లాంటిది. ఆ దారిలోకి దిగాక ఒక్క రూపాయి కూడా కల్పించకూడదు. కానీ ఆ దారిలోనే వెళ్ళి తీరాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. 'నా చదువు ఇది, నా పని ఇది, ఇంత ఇస్తే చేరతాను' అని చెప్పడం ముసావమా. ఇందులో దాపరికం లేదు, మోసం అంతకన్నా లేదు. ఆటో తండ్రికి మేము చివరకు ఇదే చెప్పాం. ఆయన నేర్పిన నిజాయితీలో లోపం లేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఇవ్వాల్సిందేననుకోవడం దగ్గర మాత్రం పొరపాటు జరిగింది.

ఇక తమ్ముడు చెప్పిన దారి. అదీ ఈ ప్రాంతంలో కొత్తది కాదు. ఒక కుర్రాడు కంప్యూటరు షాపులో పే స్లిప్పు మీద అంకె మార్పించుకుని 24 వేలని చూపించి ఉద్యోగం సంపాదించాడు. మూడో నెలలో పాత పి.ఎఫ్. పాస్‌బుక్ తెమ్మన్నారు. పి.ఎఫ్.లో ఉద్యోగి వాటా కింద జీతంలో 12 శాతం కోస్తారు. నెలకు 1,320 కోసినట్టు ఉంటే లెక్కకు తీసుకున్న జీతం 11 వేలని ఎవరైనా చెప్పగలరు. 2014 నుంచి యు.ఎ.ఎన్. నంబరు వచ్చాక మనిషి ఎన్ని కంపెనీలు మారినా ఖాతాలన్నీ ఆ ఒక్క నంబరు కిందికే వస్తాయి. ఆ కుర్రాడిని మర్నాటి నుంచి రావద్దన్నారు. పాత కంపెనీ ఎలాగూ వదిలేశాడు. రెండు చోట్లా పోయింది.

చేతికొచ్చేది ఒకటి, కాగితం మీద ఇంకొకటి

అసలు 'నీ జీతం ఎంత?' అంటే మన దగ్గర సూటిగా జవాబు చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? కాంట్రాక్టరు కింద పనిచేసే ఒక ఫిట్టరును అడిగి చూశాం. బేసిక్ 11 వేలు. ఓటీతో కలిపి చేతికి 19 వేలు వస్తాయి. అందులో కొంత బ్యాంకులో పడుతుంది, కొంత కవరులో ఇస్తారు. బస్సు, క్యాంటీను కటింగులు వేరు. ఇప్పుడు అతను ఫారంలో ఏ అంకె రాయాలి? 11 రాస్తే తనను తాను తక్కువ చేసుకున్నట్టు. 19 రాస్తే కాగితం సాక్ష్యం చెప్పదు. నిజం చెప్పినా అబద్ధీకుడిలా నిలబడవలసి వస్తుంది.

ఇలాంటివారు అంకె చెప్పవలసి వస్తే విడదీసి చెప్పడమే మంచిది. బేసిక్ ఇంత, ఓటీ ఇంత, రోజుకు ఇన్ని గంటల పని అని. పన్నెండు గంటల షిఫ్టుకు వచ్చిన 19 వేలను ఎనిమిది గంటల ఉద్యోగంతో ఎవరూ పోల్చకుండా ఇది కాపాడుతుంది.

ఈ సందర్భంలో ఒక మాట పక్కకు వెళ్ళి అయినా చెప్పాలి. కవరులో వచ్చే డబ్బు నెల గడవడానికి పనికొస్తుంది. కష్టకాలంలో మాత్రం లెక్కలోకి రాదు. ఈ.ఎస్.ఐ.లో జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చే 70 శాతమైనా, పనిలో ప్రమాదం జరిగి ప్రాణం పోతే ఇంటివారికి వచ్చే 90 శాతమైనా లెక్క కట్టేది చందా చెల్లించిన జీతం మీదనే. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ప్లాంటులో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటికి ఎక్కడినుంచో వచ్చినవారు. ఆ వార్త విన్న రోజు నుంచి, ఉద్యోగం మారుతున్న ఏ పిల్లవాడు కనిపించినా మేము ముందు అడిగేది 'కొత్తచోట ఎంత ఇస్తారు' అని కాదు, 'కాగితం మీద ఎంత వేస్తారు' అని. పాత జీతం చెప్పాలా వద్దా అన్నదానికంటే ఒక్కోసారి ఇదే పెద్ద సంగతి.

మన పెద్దవాళ్ళకు ఈ తంటా లేదు. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లోనో, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలోనో చేరిన తరాన్ని అడగండి. ప్రకటనలోనే గ్రేడు, స్కేలు రాసి ఉండేవి. ఫిట్టరుగా ఎంపికైనవాడికి ఫిట్టరు స్కేలు. అంతకుముందు గ్యారేజీలో చేశాడా, పొలంలో చేశాడా అన్నదానితో పని లేదు. అందుకే ఇంట్లో తాతయ్యలు, నానాలు 'అడిగితే చెప్పేయండి, దాచడానికేముంది' అని సలహా ఇస్తుంటారు. వారి కాలానికి అది సరైన సలహాయే. ఇప్పుడు ఈ ప్రాంతంలో జీతం పోస్టును బట్టి కాక మనిషిని బట్టి కడుతున్నారు. పాత అంకె చెప్పగానే దాని మీద పదో ఇరవయ్యో శాతం వేసి ఇంతేనంటారు. ఒకసారి తక్కువకు కుదిరినవాడు ఎన్ని గేట్లు మారినా ఆ తక్కువ అతని వెంటే వస్తుంది.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారికి ఇదే కష్టం తలకిందులుగా ఎదురవుతుంది. రియాళ్ళలో తీసుకున్న జీతాన్ని రూపాయల్లోకి మార్చి చెబితే, 'ఇంత చూసినవాడు మా దగ్గర నిలుస్తాడా' అని వెనక్కి పంపుతారు. అక్కడి జీతంలో గది, ఇకామా, టికెట్టు ఎలా ఉన్నాయో, ఇంటికి దూరంగా ఎన్ని ఈద్‌లు గడిచాయో ఆ అంకెలో కనిపించదు. తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే. పాత జీతం మనిషి పనితనాన్ని చూపించదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అడగడమే తప్పన్న దేశాలు

ఈ బాధ మనకొక్కరికే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో కౌంటీ విద్యాశాఖలో ఐలీన్ రిజో అనే లెక్కల టీచరు 2009లో ఉద్యోగంలో చేరారు. కొత్తవారి పాత జీతం మీద 5 శాతం కలిపి జీతం నిర్ణయించడం అక్కడి పద్ధతి. తర్వాత కొన్నేళ్ళకు, 2012లో, తన పనే చేస్తున్న ఒక మగ ఉద్యోగి తనకంటే ఎక్కువ మెట్టు మీద చేరాడని ఆమెకు మాటల్లో తెలిసింది. అడిగితే పాత జీతం లెక్క చూపించారు. ఆమె కోర్టుకు వెళ్ళారు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, సమానమైన పనికి ఆడవారికి తక్కువ ఇవ్వడానికి పాత జీతం సాకు కాజాలదని 2020 ఫిబ్రవరిలో అక్కడి అప్పీళ్ళ కోర్టు తేల్చింది. ల్యాబులో చేరిన మన సంగారెడ్డి అమ్మాయి కథకూ దీనికీ తేడా ఎంత? సముద్రాలు దాటినా లెక్క ఒకటే.

ఆ దేశంలో మసాచుసెట్స్ రాష్ట్రం 2016లో ఒక చట్టం చేసింది. ఉద్యోగం ఇస్తామని జీతం చెప్పకముందు పాత జీతం అడగరాదన్నది దాని సారాంశం. 2018 జులై నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జనవరి నుంచి కాలిఫోర్నియాలోనూ ఇటువంటి చట్టం ఉంది. ఐరోపా యూనియన్ 2023లో, పాత జీతం అడగకూడదని, ఈ పోస్టుకు ఎంత ఇస్తారో ముందే చెప్పాలని ఆదేశం తెచ్చి, సభ్యదేశాలు 2026 జూన్ 7లోగా తమ చట్టాల్లో చేర్చుకోవాలని గడువు పెట్టింది.

గమనించవలసిందేమిటంటే, ఈ చట్టాలు కట్టేసింది అడిగేవాడి నోరు. చెప్పేవాడిని వద్దనలేదు. దానికో కారణం ఉంది. మంచి జీతం ఉన్నవాడు అడగకపోయినా గొప్పగా చెప్పుకుంటాడు. అప్పుడు మౌనంగా ఉన్నవాడిది తక్కువే అయి ఉంటుందని కంపెనీ అనుకుంటుంది. అందరూ కలిసి మౌనం పాటించడం జరిగే పని కాదు. అడగడం ఆగితే తప్ప ఆ అమ్మాయి లాంటివారికి పూర్తి న్యాయం జరగదని మాకు అనిపిస్తుంది.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. పాత జీతం అడగవచ్చు. చెప్పి తీరాలన్న చట్టమూ లేదు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే ఇన్‌కంటాక్స్ కోత సరిగా పడటానికి పాత జీతం వివరాలు ఇవ్వవలసి రావచ్చు, కానీ అది చేరిన తర్వాతి మాట. అయితే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో మన పిల్లలకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. నియామక పత్రం ఇవ్వాలి. వేతన స్లిప్పు ఇవ్వాలి. ఒకే రకమైన పనికి ఆడ, మగ తేడాతో జీతం తగ్గించరాదు. ఇది 1976 నాటి సమాన వేతన చట్టంలోనూ ఉన్నదే. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని జీతంగానే లెక్కించాలి. ఉద్యోగం మానేసినవారి బాకీ రెండు పనిదినాలలో తేల్చాలి. చట్టంలో ఉన్నవన్నీ గేటు లోపల నడుస్తాయని మేము చెప్పడం లేదు. అడగడానికి ఆధారం మాత్రం ఉంది.

మరి ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఏం చేయాలి? గడిని ఖాళీగా వదలండి, లేదా 'ముఖాముఖిలో చెబుతాను' అని రాయండి. అడిగినప్పుడు గొంతు పెంచకుండా, "సార్, ఈ పోస్టుకు మీరు ఎంత అనుకున్నారో చెబితే నాకు కుదురుతుందో లేదో చెబుతాను" అనవచ్చు. ఇదే పనికి దగ్గరలోని కంపెనీల్లో ఎంత ఇస్తున్నారో ముందే నలుగురిని అడిగి తెలుసుకుని వెళ్ళాలి. మన యువకులు మస్జిద్ మెట్ల మీద క్రికెట్ స్కోరు చెప్పుకుంటారు గానీ జీతం మాట వస్తే నోరు మూసుకుంటారు. ఒకరి జీతం ఒకరికి తెలియకపోవడం వల్ల లాభపడేది ఎవరో ఆలోచించండి. అయినా చెప్పాల్సిందేనని పట్టుబడితే, ఇల్లు గడవని పరిస్థితిలో ఉన్నవారు మొండికేసి ఉద్యోగం పోగొట్టుకోమని మేము అనము. నిజమే చెప్పండి, కానీ అక్కడ ఆగకండి. ఆ వెంటనే మీరు కోరే అంకె కూడా చెప్పండి. ఆ అమ్మాయి మొదటిసారి అలా చెప్పి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో.

ఇంకో మాట మనలోని యజమానులకు. గ్యారేజీలు, బేకరీలు, హోటళ్ళు, చిన్న వర్క్‌షాపులు నడిపేవారు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. పనికొచ్చిన కుర్రాడిని 'అక్కడ ఎంతిచ్చేవారు?' అని వారూ అడుగుతున్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) బోధను ఉపన్యాసాల్లో వింటూనే ఉంటాం. ఆ కూలి ఎంతో ముందే తేల్చి చెప్పడం కూడా అందులో భాగం కాదా? ఖుర్‌ఆన్‌లో హజ్రత్ మూసా (అ) మద్యన్‌కు చేరినప్పటి వృత్తాంతం గుర్తు చేసుకోండి. ఈజిప్టు రాజభవనంలో పెరిగిన యువకుడు చేతిలో ఏమీ లేకుండా వచ్చాడు. బావి దగ్గర మందలకు నీళ్ళు తోడిపెట్టాడు. అతన్ని పనికి పెట్టుకోమని సలహా ఇచ్చిన అమ్మాయి రెండే గుణాలు చెప్పింది. బలం, నమ్మకం. ఆమె తండ్రి తన షరతులు తానే ముందు చెప్పారు. ఎనిమిదేళ్ళు, ఇష్టమైతే పదేళ్ళు, నిన్ను కష్టపెట్టనని. అది పెళ్ళితో ముడిపడిన ఒప్పందం. అయినా ఇంతకుముందు నీకు ఎంత దక్కేదన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి ఏడాది పాటు ల్యాబులో పనిచేసి, ఈ మధ్య బొల్లారం వైపు మరో కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలింది. ఆఫీసరు అడిగాడు. పోస్టుకు ఎంత ఇస్తారో చెప్పమంది. ఆయన నవ్వి మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పింది, ఇప్పుడు వచ్చేది 12,200 అని, ఇదే పనికి తన తోటివారు 17 వేలు తీసుకుంటున్నారని, తను 18 కోరుతున్నానని. బయట కూర్చోమన్నారు. అరగంట తర్వాత పిలిచి 16,500 అన్నారు. ఇంట్లో అడిగి చెబుతానని వచ్చేసింది.

ఆ రాత్రి తండ్రి మాకు ఫోను చేశారు. "ఈసారి నేనేమీ చెప్పలేదు, తననే తేల్చుకోమన్నాను" అన్నారు. నియామక పత్రం చేతికి వచ్చాకే పాతచోట రాజీనామా ఇచ్చిందట. సోమవారం పొద్దున ఆరున్నరకు కొత్త కంపెనీ బస్సు పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు వస్తుంది. అక్కడిదాకా ఆటోలో ఆయనే దింపుతారు.